లేతు మీద కట్టె గిన్నె: ఉలి ఎందుకు కొరికింది, ఎక్కడ మొదలుపెట్టాలి

ముందు మీరు అడిగింది ఒకసారి చెప్పుకుందాం. ఉండేది హన్మకొండలో, ఆఫీసు ఉద్యోగం, వడ్రంగం రాదు. లేతు మీద కట్టె గిన్నెలు తిప్పడం నేర్చుకోవాలని ఉంది. తెలిసినవాళ్ల మంచం కోళ్ల షాపులో ఆదివారం పూట మిషన్ వాడుకోనిచ్చారు. అక్కడున్న వెడల్పాటి గుండ్రటి ఉలితో, వీడియోలు చూసి, మామిడి కట్టె మీద రెండు గిన్నెలు మొదలుపెట్టారు. రెండుసార్లూ ఉలి కట్టెను కొరికి పట్టేసింది. రెండో గిన్నె ఊడి వెళ్లి గోడకు తగిలింది. ఇప్పుడు మీ సందేహం: మంచి మిషన్ కొంటే సరిపోతుందా, లేక ముందు ఆరు నెలలు కోళ్ల పని నేర్చుకోవాలా? ఏ కట్టె, ఏ ఉలి?

సూటిగా చెప్తాను. మిషన్ తప్పేమీ లేదు. ఉలి తప్పు, దాన్ని నడిపిన దిక్కు తప్పు, పదును కూడా చాలి ఉండదు. లక్ష రూపాయల మిషన్ తెచ్చినా ఇదే ఉలితో ఇదే జరుగుతుంది. కోళ్ల షాపులో ఆరు నెలలు కూర్చోవాల్సిన అవసరం కూడా లేదు. ఒక బౌల్ గౌజ్ (గిన్నెలు తిప్పే లోతు గాడి ఉలి), సాన పట్టుకునే ఏర్పాటు, గిన్నె అడుగును పట్టుకునే నాలుగు దవడల చక్, ముఖానికి పూర్తి షీల్డ్ సమకూర్చుకోండి. 6 అంగుళాల గిన్నెలు వరుసగా పది తిప్పండి. పదోది ఇంట్లో పండ్లు పెట్టుకోవడానికి పనికొస్తుంది. మొదటి మూడింటి మీద ఆశ వద్దు.

కోళ్ల పని అక్కర్లేదని ఎందుకంటున్నానంటే, నేను పెరిగిందే కోళ్ల షాపులో. వరంగల్‌లో మా నాయినది చిన్న షెడ్డు. మంచం కోళ్లు, ఊయల కడ్డీలు, పప్పుగుత్తులు, కవ్వాలు, దసరా సెలవుల్లో పిల్లలకు బొంగరాలు. మా తాత ఈ పనిని తరిమెన పట్టడం అనేవాడు. ఆయన కాలంలో ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవాళ్లట. నాకు పదిహేనేళ్లు వచ్చేసరికి కోడు తిప్పడానికి కొలత కూడా చూసుకునేవాణ్ని కాదు. ఇంత చేతివాటం ఉండి, నా మొదటి గిన్నె రెండు నిమిషాలు నిలవలేదు. రెండోదీ అంతే. మూడోది నుదుటికి తగిలి నాలుగు కుట్లు పడ్డాయి. నా చేతికి తెలిసిందంతా గిన్నె దగ్గర తలకిందులని అర్థం కావడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. మీ చేతికి ఏ అలవాటూ లేదు, ఆ మేరకు మీ పని తేలిక.

ఇక అసలు విషయం. కట్టెను జొన్న చొప్ప కట్టలా ఊహించుకోండి. కోడు తిప్పేటప్పుడు ఆ కట్ట మిషన్ పొడవునా పడుకుని తిరుగుతుంది. ఉలికి ఎప్పుడూ చొప్ప పక్కలే తగులుతాయి. గిన్నెకు చెక్కను మామూలుగా అడ్డంగా బిగిస్తాం. అప్పుడు ఒక్కో చుట్టులో ఉలికి రెండుసార్లు చొప్ప పక్కలు, రెండుసార్లు చొప్ప మొదళ్లు ఎదురవుతాయి. మిషన్ నిమిషానికి 1000 చుట్లు తిరిగితే ఆ మొదళ్లు నిమిషానికి 2000 సార్లు వచ్చి ఉలికి తగులుతున్నట్టు. పక్కలు మెత్తగా తెగుతాయి, మొదళ్లు మొరాయిస్తాయి. ఉలి మొద్దుగా ఉన్నా, దిక్కు తప్పినా తెగాల్సిన నార తెగక పైకి లేస్తుంది. లేచిన నార కిందికి ఉలి దూరుతుంది. మీరు కొరకడం అన్నది ఇదే.

దిక్కు సంగతి గుర్తుపెట్టుకోవడానికి తలెలు బోర్లించి దొంతర పెట్టినట్టు అనుకోండి. పైన చిన్న తలె, దాని కింద కొంచెం పెద్దది, అలా అన్నిటికన్నా అడుగున అన్నిటికన్నా పెద్దది. బోర్లించిన గిన్నె బయటి ఆకారం అదే: పైన మడమ, కింద అంచు. ఉలిని చిన్న తలె వైపు నుంచి పెద్ద తలె వైపు నడిపితే, తెగే ప్రతి నారకు వెనక పెద్ద తలె ఆసరా ఉంటుంది, నున్నగా తెగుతుంది. పెద్ద వైపు నుంచి చిన్న వైపు వస్తే ఆసరా ఉండదు, నార విరిగి ఊడుతుంది. కాబట్టి బయటి వైపు మడమ నుంచి అంచుకు, లోపలి వైపు అంచు నుంచి నడిమికి. కోళ్ల పనిలో దీనికి సరిగ్గా ఎదురు, లావు నుంచి సన్నానికే దిగుతాం. నా చేయి పదేళ్లు అలా దిగడానికి అలవాటు పడి ఉంది. అందుకే నుదుటి మీద గీత.

ఇప్పుడు మీరు వాడిన ఉలి. షాపుల్లో ఆ వెడల్పాటి ఉలి నాలుగు పలకల చెక్కను గుండ్రం చేయడానికి పెట్టుకుంటారు. ఆ పనికి అది బంగారం. దాని రేకు వెడల్పుగా ఉన్నా పిడిలోకి దిగే తోక మాత్రం సన్నం. గిన్నె మీద నార మొదళ్లు దాని మూలకు తగిలాయంటే దెబ్బంతా ఆ సన్నటి తోక మీద పడుతుంది. వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. దాన్ని గిన్నె దగ్గరికి ఇక తీసుకురావద్దు. ఇందులో బేరం లేదు. బౌల్ గౌజ్ అలా కాదు. మొత్తం గుండ్రటి కడ్డీ, మధ్యలో లోతైన గాడి, తోక అంటూ వేరే ఉండదు, కడ్డీయే పిడిలోకి పోతుంది. మొదటగా అర అంగుళం కడ్డీది ఒక్కటి చాలు, హై స్పీడ్ స్టీల్‌ది తీసుకోండి. దానితో పాటు గీకడానికి గుండ్రటి ముక్కున్న స్క్రేపర్ ఒకటి, గాడి కొట్టడానికి సన్నటి పార్టింగ్ ఉలి ఒకటి.

మన దగ్గర కమ్మరితో ఉలి కొట్టించుకునే అలవాటు ఉంది, నాకూ ఉండేది. లారీ కమాన్ పట్టీతో చేసిన స్క్రేపర్ ఇప్పటికీ వాడతాను. పదును త్వరగా పోతుంది గానీ విరగదు. పాత ఆకురాయిని అరగదీసి చేసిన ఉలి మాత్రం ముట్టుకోవద్దు. ఆకురాయి ఉక్కు గట్టిది, కానీ పెళుసు. గిన్నె మీద ఒక్క దెబ్బకు గాజులా రెండు ముక్కలవుతుంది. కార్బైడ్ బిళ్ల బిగించిన ఉలులు ఆన్‌లైన్‌లో కనబడతాయి, సాన అక్కర్లేదని అమ్ముతారు. నిజమే, మొదటి రోజే గిన్నె ఆకారం వస్తుంది. కానీ అవి కోయవు, గీకుతాయి. మామిడి లాంటి కట్టెలో నార లేచిపోయి, ఉప్పు కాగితంతో రెండు గంటలు రుద్దినా గరుకు పోదు. ఆరు నెలల తర్వాత మళ్లీ గౌజ్ దగ్గరికే వస్తారు. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లూ ఉన్నారు.

డబ్బు ముందు సాన మీద పెట్టండి. లేతుకు ఎంత పెడతారో అందులో కనీసం సగం చక్, గ్రైండర్, గౌజ్‌ల కోసం పక్కన పెట్టండి. 8 అంగుళాల గ్రైండర్, నిమిషానికి 1440 చుట్లది దొరికితే మంచిది. 2800 పైన తిరిగే చిన్న గ్రైండర్‌తోనూ పని అవుతుంది, కాకపోతే కొత్త చేయి నిమిషంలో ఉలి మూతిని కాల్చేస్తుంది. బూడిదరంగు రాయి బదులు తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రాయి, 80 గ్రిట్‌ది వేయించండి. చేత్తో సాన పట్టడం రావడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి ఉలిని ప్రతిసారీ ఒకే కోణంలో నిలిపే జిగ్ ఒకటి కొనండి, లేదా చేయించుకోండి. సాన పట్టే ముందు ఉలి వాలు మీద, అంటే అంచు వెనక ఏటవాలుగా అరగదీసిన ముఖం మీద, నల్ల మార్కర్ పూయండి. రాయిని ఒకసారి తాకించి చూస్తే ఎక్కడ నలుపు పోయిందో, ఎక్కడ మిగిలిందో తెలిసిపోతుంది. వాలు మొత్తం మీద నలుపు సమంగా పోతే కోణం కుదిరినట్టు. పదునైందా లేదా అంటే, అంచును బల్బు కింద పట్టుకుని చూడండి. సన్నటి తెల్ల గీత మెరిస్తే ఇంకా మొద్దుగానే ఉంది. పదునైన అంచు మెరవదు.

కొత్తవాళ్లంతా చేసే పొరపాటు ఇక్కడే. పొద్దున ఒకసారి సాన పట్టి సాయంత్రం దాకా అదే ఉలితో తోస్తారు. పచ్చి మామిడి మీద నేను పది, పదిహేను నిమిషాలకు ఒకసారి గ్రైండర్ దగ్గరికి పోతాను. చింత, తుమ్మ అయితే ఇంకా తొందరగా. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, కట్టె మెత్తగానే అనిపిస్తుంది గానీ అంచును తినేస్తుంది. ఇంకో మాట: మామూలు కార్బన్ ఉక్కు ఉలి సాన మీద నీలంగా మారితే దాని బిగి పోయినట్టే, వేడెక్కకముందే నీళ్లలో ముంచుతూ పట్టాలి. హై స్పీడ్ స్టీల్‌కు ఆ భయం లేదు, కాలుతున్నదాన్ని నీళ్లలో ముంచితేనే దాని అంచుకు సన్నటి నెర్రలు వస్తాయి. రెండింటినీ ఒకే తీరుగా చూడకండి.

ఉలి పట్టుకునే పద్ధతి మాటల్లో చెప్పడం కష్టం, అయినా ప్రయత్నిస్తాను. ముందు ఉలి కడ్డీ టూల్ రెస్ట్ (మిషన్‌కు ఉండే, ఉలి ఆనించే పట్టీ) మీద ఆనాలి, తర్వాత ఉలి వాలు కట్టెను తాకాలి, ఆఖరున మాత్రమే అంచు కోయాలి. ఈ వరుస తప్పితే ఉలి కొరుకుతుంది. వాలు కట్టెను రుద్దుతుంటుంది, ఏమీ తెగదు. అప్పుడు పిడిని నెమ్మదిగా పైకి లేపితే సన్నటి పొట్టు రావడం మొదలవుతుంది. గాడి ఆకాశం వైపు చూడకూడదు. ఉలిని ఎడమకు నడుపుతుంటే గడియారంలో 10 వైపు, కుడికి నడుపుతుంటే 2 వైపు చూడాలి. మోచేతులు ఒంటికి ఆనించి పెట్టుకోండి. చేతులతో కాదు, నడుముతో, కాళ్లతో ఊగండి. రోకలి పోటు వేసే ఆడవాళ్లను చూశారా? బలమంతా చేతుల్లో ఉన్నట్టు కనబడుతుంది, నిజానికి ఒళ్లంతా కదులుతుంది. ఇదీ అంతే.

లోపల తొలవడం మొదలుపెట్టేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. అంచు దగ్గర మొదటి క్షణంలో వాలుకు ఆనడానికి ఏమీ ఉండదు, ఉలి జారి అంచు మీదకు పరుగెత్తి గీత పెడుతుంది. పార్టింగ్ ఉలితో ముందే చిన్న గాడి కొట్టుకుని, గౌజ్ గాడిని గడియారంలో 3 వైపుకు మూసి పట్టుకుని, కట్టెలో కొట్టిన గాడిలో ఆనించి లోపలికి దిగండి. లోతు పెరిగేకొద్దీ టూల్ రెస్ట్‌ను కూడా లోపలికి జరపాలి. కట్టెకూ రెస్ట్‌కూ మధ్య వేలు మందం కన్నా ఎక్కువ ఖాళీ వచ్చిందంటే మిషన్ ఆపి జరపండి. బద్ధకించి ఆపకుండా రెస్ట్ జరిపేవాళ్లను చూశాను. వద్దు.

మీ రెండో గిన్నె ఎగిరిపోవడానికి ఉలి ఒక్కటే కాదు, బిగింపు కూడా కారణం అయి ఉండొచ్చు. మొదటి బిగింపు ఫేస్‌ప్లేటు మీద, అంటే మిషన్‌కు తగిలించే ఇనుప బిళ్ల మీద. గిన్నె లోపలి భాగంగా తొలిచేసే వైపు కట్టెకు దాన్ని మరలతో బిగించండి. కనీసం నాలుగు మరలు, కట్టెలోకి అంగుళం దిగేవి. సీలింగ్ బోర్డుకు వాడే నల్ల స్క్రూలు పనికిరావు, అవి పెళుసు, తల తెగిపోతుంది. బయటి ఆకారం వచ్చాక అడుగున గుండ్రటి మడమ ఒకటి వదలాలి, దాన్నే టెనన్ అంటారు. గిన్నె వెడల్పులో 40 శాతం దాకా ఉంటే గట్టిగా ఉంటుంది. 6 అంగుళాల గిన్నెకు రెండుంపావు, రెండున్నర అంగుళాలు. దాని పక్కలు చక్ దవడల ఆకారానికి సరిపోవాలి. టెనన్ అడుగు చక్ లోపల నేలకు తగలకూడదు. దవడల పైఅంచు మీద గిన్నె భుజం కూర్చోవాలి. ఈ ఒక్క మాట నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే కుట్లు తప్పేవి. టెనన్‌లో బెరడు గానీ, పుచ్చు గానీ, పగులు గానీ ఉంటే ఆ చెక్కను పక్కన పడేయండి. వీలైనంతసేపు అవతలి కొస నుంచి కట్టెకు ఆసరా ఇచ్చే టెయిల్‌స్టాక్‌ను ఆనించే ఉంచండి.

కోళ్ల షాపు మిషన్ల వేగం గురించి ఒక లెక్క. వాటిని సన్నటి కోళ్ల కోసం అమరుస్తారు, కొన్నింటికి ఒకటే పుల్లీ, 1440 చుట్లు. రెండు అంగుళాల కోడుకు అది ఏమీ కాదు. దాని మీద 10 అంగుళాల చెక్క బిగిస్తే అంచు గంటకు 69 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. కాజీపేట రోడ్డు మీద ఆ వేగంతో వచ్చే బైకు ముందు మీరు ముఖం పెట్టి నిలబడరు కదా. గుర్తు ఇదీ: వెడల్పు అంగుళాల్లో, వేగం చుట్లలో, రెండింటినీ గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య రావాలి. 6 అంగుళాలకు 1000 నుంచి 1500, 10 అంగుళాలకు 600 నుంచి 900. ఇది గుండ్రం అయ్యాక. వంకరటింకర చెక్క బిగించినప్పుడు ఇంకా తక్కువలో, 400, 500 దగ్గర మొదలుపెట్టి, ఊగడం తగ్గాక పెంచండి.

మీరు మిషన్ కొంటే చూడాల్సింది ఎక్కువ లేదు. 12 అంగుళాల చెక్క పట్టేది, ఒక హార్స్‌పవర్, వేగం కింద 500 లోపు దాకా దిగేది, చక్ బిగించడానికి స్పిండిల్‌కు (తిరిగే ఇరుసుకు) మర ఉన్నది. ఆ మర సైజు ఏంటో ముందు కనుక్కుని తర్వాతే చక్ కొనండి. సైజు తప్పితే చక్ అలమారలోనే ఉంటుంది. హెడ్‌స్టాక్ (స్పిండిల్ ఉండే వైపు) మొన, టెయిల్‌స్టాక్ మొన దగ్గరికి తెచ్చి చూడండి, సూది ముక్కులు రెండూ ఒకదానికొకటి సూటిగా ఎదురవ్వాలి. ఫేస్‌ప్లేటు కొనక్కర్లేదు, ఇనుప పని చేసే లేత్ వర్క్స్‌కు స్పిండిల్ మర కొలత ఇస్తే చేసిస్తారు. మిషన్ బరువు చాలకపోతే స్టాండు కింద ఇసుక బస్తాలు వేయండి. ఇంకొకటి, మన దగ్గర కరెంటు పోతుంది, వస్తుంది. వచ్చినప్పుడు మిషన్ దానంతట అదే తిరగకుండా, మళ్లీ నొక్కితేనే తిరిగే స్విచ్ పెట్టించండి. ఒకసారి కరెంటు పోయిందని నేను గిన్నె లోపల చేయి పెట్టి నున్నగా ఉందా అని తడుముతున్నాను, అప్పుడే వచ్చింది. ఏమీ కాలేదు, కానీ ఆ రోజు ఇంక పని చేయలేదు.

కట్టె దగ్గరికి వద్దాం. ఫర్నిచర్ షాపులో ఎండిన టేకు పలక కొని గిన్నె తిప్పాలనుకోవద్దు. ఖరీదు, పైగా నేర్చుకోవడానికి పనికిరాదు. పచ్చి కట్టెతో నేర్చుకోండి. నీరున్న కట్టె దోసకాయలా తెగుతుంది, పొట్టు రిబ్బన్‌లా వచ్చి మొహం మీద నీళ్లు చిమ్ముతుంది, దుమ్ము ఉండదు. సామిల్‌లో మామిడి దుంగ ముక్కలు అడగండి. ముసలి తోటలు కొట్టేసినప్పుడు ఎక్కడైనా దొరుకుతుంది, కట్టెల అడితిలో పొయ్యి కట్టెల్లో కూడా మంచివి ఉంటాయి. సుబాబుల్ తేలిక, సాదాగా ఉంటుంది, చేయి తిరగడానికి మంచిది. వేపలో నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది, ఎటు నడిపినా కొంత లేస్తుంది. అందుకే అయిదారు గిన్నెల తర్వాత ముట్టుకోండి. చింత చేవ నల్లగా ముదురు వంకాయ రంగులో చూడముచ్చటగా ఉంటుంది, కానీ రాయి. నీలగిరి మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా వద్దు, ఎండేటప్పుడు మెలి తిరిగి పగులుతుంది.

నాకిష్టమైనది నిద్రగన్నేరు. మన రోడ్ల పక్క గొడుగుల్లా పరుచుకునే పెద్ద చెట్లు. చేవ గోధుమ రంగులో, అంచున లేత పసుపు చార. హవాయి దీవుల్లో పర్యాటకులకు ఈ కట్టె గిన్నెలు అమ్ముతారు, అక్కడ దాన్ని మంకీపాడ్ అంటారు. ఎండేటప్పుడు చాలా తక్కువ కుంచించుకుంటుంది, కొత్తవాళ్ల తప్పులను మన్నిస్తుంది. గాలివానకు కూలిన చెట్టు రోడ్డు పక్క కనబడిందని రంపం పట్టుకుని వెళ్లకండి, దానికి ప్రభుత్వ శాఖ ఉంటుంది, లెక్క ఉంటుంది. సామిల్‌లోనే అడగండి. టేకు, జిట్రేగి దుంగలు ఎవరైనా ఊరి నుంచి తెచ్చి చవగ్గా ఇస్తానంటే ముందు పర్మిట్ కాగితం చూపించమనండి.

ఏటికొప్పాక వెళ్లి నేర్చుకోవచ్చా అని చివర్లో అడిగారు. అక్కడి పని చూసి తీరాల్సిందే. కానీ అంకుడు కర్రను కొమ్మ పొడవునా బిగించి తిప్పుతారు, అంటే ఎక్కువగా మన కోళ్ల దారే. లక్క రంగు ఎలా పూస్తారో చూసి రండి. తిరుగుతున్న కట్టెకు లక్క కడ్డీ ఒత్తితే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. నిర్మల్ బొమ్మలు వేరే కథ, పొనికి కట్టెను చేత్తో చెక్కుతారు. గిన్నె తిప్పడానికి పొనికి మరీ మెత్తన.

సామిల్‌లో దుంగ కోయించేటప్పుడు రెండు మాటలు గట్టిగా చెప్పండి. గిన్నె వెడల్పు కన్నా రెండు అంగుళాలు ఎక్కువ పొడవు ముక్క కావాలని ఒకటి. దుంగను నడిమికి చీల్చి, మధ్యలో ఉండే బెండును రెండు వేళ్ల మందం తీసేయాలని రెండోది. బెండు గిన్నెలో మిగిలిందంటే పగులు రాసిపెట్టి ఉన్నట్టే. ఇంటికి తెచ్చిన రోజే కోసిన ముఖాలకు మైనం గానీ పాత పెయింటు గానీ పూయండి. నీరు నార మొదళ్ల నుంచే తొందరగా పోతుంది, పగులు అక్కడే మొదలవుతుంది.

పచ్చి గిన్నెను ఒకే దెబ్బకు పూర్తి చేయకండి. మొదటి విడతలో గోడ మందం వెడల్పులో పదో వంతు ఉంచి ఆపేయండి. 8 అంగుళాల గిన్నెకు 20 మిల్లీమీటర్లు. తర్వాత నెమ్మదిగా ఎండాలి. ఎండేటప్పుడు అది కోడిగుడ్డులా అవుతుంది, ఎందుకంటే వార్షిక వలయాల వెంబడి కట్టె కుంచించుకునేది, వాటికి అడ్డంగా కుంచించుకునేదానికి ఇంచుమించు రెట్టింపు. ఆ వంకరను రెండో విడతలో తిప్పి సరిచేయడానికే ఈ మందం. తూకం వేసి పెన్సిల్‌తో గిన్నె మీదే రాయండి. వారానికోసారి తూచండి. మూడు వారాలు బరువు మారకపోతే ఎండినట్టు.

ఇక్కడ పుస్తకాల్లో ఉండని మన ఊరి సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్లే పగిలే ఎండలో పచ్చి గిన్నె ఆగుతుందా? ఒక ఏడాది మే నెలలో పద్నాలుగు మామిడి గిన్నెలు తిప్పి షెడ్డులో బల్ల మీద వరుసగా పెట్టాను. తెల్లారి వచ్చేసరికి తొమ్మిదింటికి నెర్రలు. రాత్రి షెడ్డులో టప్ టప్‌మని చప్పుడు వచ్చిందని ఇంట్లో వాళ్లు చెప్పారు. అప్పటి నుంచి ఎండాకాలంలో తిప్పితే గిన్నెను దాని పొట్టుతోనే నింపి, న్యూస్‌పేపర్ రెండు మూడు చుట్లు చుట్టి, గోనె సంచిలో పెట్టి, ఇంట్లో అన్నిటికన్నా చల్లటి మూలన నేల మీద ఉంచుతాను. పది రోజుల తర్వాత పొట్టు తీసేస్తాను. మృగశిర వచ్చి నాలుగు వానలు పడ్డాక ఇంత తిప్పలు ఉండదు, అప్పుడు ఇంకో తిప్పలు. గాలి ఆడకపోతే మామిడికి బూజు పట్టి నీలం మచ్చలు వస్తాయి, పురుగు కూడా పడుతుంది. వానాకాలంలో పేపర్ ఒక్క పొర చాలు, సంచి వద్దు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు జూలై నుంచి జనవరి దాకా మంచి కాలం.

ఎండేదాకా ఆగే ఓపిక లేదంటే ఇంకో దారి ఉంది. పచ్చిగానే గోడను అంతటా ఒకే మందంలో, 5, 6 మిల్లీమీటర్లకు తెచ్చేయండి. ఎండుతూ వంకర పోతుంది గానీ చాలాసార్లు పగలదు. ఆ వంకర కూడా అందంగానే ఉంటుంది. కానీ మందం ఒకచోట 5, ఒకచోట 12 ఉంటే పగలడం ఖాయం. మందం తెలుసుకోవడానికి నేను చేసింది మీరూ చేయండి: మొదటి నాలుగు గిన్నెలను రంపంతో నిట్టనిలువుగా సగానికి కోసేయండి. మనసు ఒప్పదు. కోసి చూస్తే, మీరు గిన్నె అనుకున్నది లోపల మెట్లు మెట్లుగా, అడుగున దిబ్బలా ఉంటుంది. వేళ్లతో తడిమితే తెలియనిది కోత ముఖం చూపిస్తుంది. అడుగు లోతు కోసం నడిమిలో డ్రిల్ దించి, ఎంత దాకా పోవచ్చో ముందే గుర్తు పెట్టుకోండి. నేను ఒకసారి కొలవకుండా దిగి అడుగు మొత్తం ఊడగొట్టాను. ఆ కంకణం ఇప్పటికీ షెడ్డు తలుపు మేకుకు వేలాడుతోంది.

ఆకారం గురించి ఎక్కువ చెప్పను. మట్టి గురిగి ఒకటి తెచ్చి ఎదురుగా పెట్టుకుని దాని వంపు చూస్తూ తిప్పండి. మొదట్లో అందరి గిన్నెలూ అడుగున బరువుగా, కుక్క నీళ్లు తాగే తొట్టెలా వస్తాయి.

జాగ్రత్తల్లో నేను రాజీపడనివి ఇవి. కళ్లద్దాలు చాలవు, ముఖం మొత్తం కప్పే షీల్డ్ కావాలి. చేతికి గ్లవ్స్ వద్దు, తిరిగే కట్టె గ్లవ్‌ను పడితే వేలును కూడా తీసుకుపోతుంది. మెడలో దస్తీ, చున్నీ, ఆఫీసు ఐడీ కార్డు తాడు, గొలుసు, చేతికి గుడిలో కట్టిన ఎర్ర దారం, అన్నీ తీసేయాలి లేదా లోపలికి దోపాలి. జుట్టు పొడుగ్గా ఉంటే ముడి. స్విచ్ వేసే ముందు ప్రతిసారీ కట్టెను చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూడాలి. స్విచ్ వేసేటప్పుడు గిన్నెకు ఎదురుగా కాదు, పక్కకు నిలబడాలి. నా కుట్లకు ఎదురుగా నిలబడటం కూడా ఒక కారణమే. ఎండిన కట్టె తిప్పేటప్పుడు, ఉప్పు కాగితం పట్టేటప్పుడు ఎన్-95 మాస్క్ తప్పదు. దిరిసెన దుమ్ము తుమ్ములు ఆగనివ్వదు, జిట్రేగి, టేకు కొందరికి ఒళ్లంతా దద్దుర్లు తెస్తాయి.

ఉప్పు కాగితం 120తో మొదలుపెట్టి 180, 240, 320 దాకా చాలు. ఏ నంబరూ దాటేయకండి. తినే వస్తువు పెట్టే గిన్నెకు పల్లి నూనె, నువ్వుల నూనె పూయొద్దు. అవి ఆరవు, జిడ్డుగా ఉండి నెల తిరక్కుండా కంపు కొడతాయి. మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్‌లో నాలుగో వంతు తేనె మైనం కరిగించి గుడ్డతో రుద్దండి. హార్డ్‌వేర్ షాపు బాయిల్డ్ లిన్‌సీడ్‌లో తొందరగా ఆరడానికి లోహపు మందులు కలుపుతారు, తినే గిన్నెలకు నేను వాడను. అవిసె నూనె పూసిన గుడ్డలు ఉండలా చుట్టి మూలన పడేయొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. తీగ మీద ఆరేయండి.

మరి కోళ్ల షాపులో మీ ఆదివారాలు వృథానా? కాదు. ఈ ఆదివారం గిన్నె వద్దు, బొంగరాలు తిప్పండి. ఆ వెడల్పాటి ఉలి దాని సొంత పని మీద ఎంత చక్కగా నడుస్తుందో చూస్తారు, వాలు ఆనించడం అంటే ఏంటో చేతికి తెలుస్తుంది. అక్కడి పెద్దాయన సాన పట్టేటప్పుడు పక్కన నిలబడి ఆయన మణికట్టు చూడండి. ఒకటి రెండు వారాలు చాలు, తర్వాత నేరుగా గిన్నెకు వచ్చేయండి.

గోడకు తగిలిన ఆ రెండో గిన్నె ముక్కలు పారేయకుండా ఉంటే, టెనన్ విరిగిన చోటు ఫోటో పెట్టండి. మొత్తంగా కాదు, దగ్గరగా, వెలుతురు పక్క నుంచి పడేటట్టు. నార వెంబడి చీలిందా, దవడల గుర్తుల దగ్గర నలిగి జారిందా కనబడితే, తప్పు బిగింపుదా ఉలిదా తేల్చి చెప్పగలను. ఉలి మూతి ఫోటో కూడా ఒకటి.